బర్మింగ్‌హామ్ పిల్లలను రోడ్డు మీదికి ఎవరు పంపారు?

1963 మే 2, గురువారం. ఆడ్రీ ఫే హెండ్రిక్స్‌కు తొమ్మిదేళ్లు, మూడో తరగతి. ఆ రోజు ఆమె బడికి వెళ్లలేదు. అమెరికాలోని అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ నగరంలో పదహారో వీధి బాప్టిస్టు చర్చికి వెళ్లింది. అక్కణ్నుంచి మిగతా పిల్లలతో కలిసి పాటలు పాడుకుంటూ బయల్దేరింది. కాస్త దూరం నడిచిందో లేదో పోలీసులు పట్టుకున్నారు. ఆ పిల్ల వారం రోజులు జైల్లో ఉంది. జైలుకు వెళ్తున్నానని టీచరుకు ముందే చెప్పిందట. విన్న టీచరుకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు కోపమే వచ్చింది. మూడో తరగతి పిల్లను జైలుకు పంపిన పెద్దలు ఎలాంటి పెద్దలు? ఉద్యమం ఎంత గొప్పదైనా దానికి పిల్లలను ముందు పెడతారా? అప్పట్లో అమెరికాలో చాలామంది అడిగిన ప్రశ్న కూడా ఇదే. అడిగినవాళ్లలో ఉద్యమాన్ని ద్వేషించినవాళ్లున్నారు, ప్రేమించినవాళ్లూ ఉన్నారు. తర్వాత ఆ రోజుల గురించి చదివే కొద్దీ నా ప్రశ్న మారుతూ వచ్చింది. ఎలా మారిందో చెప్పాలంటే ముందు ఆ ఊరి గురించి చెప్పాలి.

బర్మింగ్‌హామ్ ఉక్కు నగరం. జనాభాలో సుమారు 40 శాతం నల్లజాతివాళ్లు. నగరంలో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ అన్నీ వేరు. ఎంత వేరంటే, ఇద్దరూ కలిసి పేకాట గానీ, పాచికలు గానీ, డామినోలు గానీ, చెకర్స్ గానీ ఆడకూడదని నగర చట్టంలోనే రాసుకున్నారు. పార్కుల్లోకి అందరినీ రానివ్వాలని ఫెడరల్ కోర్టు చెబితే, 1962 మొదట్లో నగర పాలకులు పార్కులే మూసేశారు. నల్లపిల్లలు వస్తారేమోనని తెల్లపిల్లలకు కూడా ఆట స్థలం లేకుండా చేశారు.

పెద్ద దుకాణాల్లో నల్లజాతి ఆడవాళ్లు బట్టలు కొనుక్కోవచ్చు, ట్రయల్ రూములో వేసి చూసుకోవడానికి వీల్లేదు. సామాన్లు కొన్న షాపులోనే లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని ఒక కాఫీ తాగడానికీ వీల్లేదు. మన ఊళ్లలో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు, అనుభవించినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ల డబ్బు ఎవరికీ అంటు కాదు, వాళ్లు తాకిన గ్లాసు మాత్రం అంటు.

దీన్ని ఎదిరిస్తే బాంబులు పేలేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి పదిహేడు, పద్దెనిమిదేళ్లలో ఆ ఊళ్లో ఇలాంటి పేలుళ్లు యాభై దాకా జరిగాయి. ఊరి పేరునే జనం ‘బాంబింగ్‌హామ్’ అని మార్చేశారు. నల్లజాతి కుటుంబాలు ఇళ్లు కొనుక్కుంటున్న ఒక పేటకు ‘డైనమైట్ హిల్’ అనే పేరు స్థిరపడిపోయింది.

స్థానిక ఉద్యమ నాయకుడు పాస్టర్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్. 1956 క్రిస్మస్ రాత్రి ఆయన ఇంటి మీద బాంబు వేశారు. ఇల్లు కూలింది, ఆయన బతికి బయటపడ్డాడు. మరుసటి ఏడాది తన కూతుళ్లను తెల్లపిల్లల హైస్కూల్లో చేర్పించడానికి వెళ్తే బడి ముందే గుంపు ఆయన్ను చావగొట్టింది. ఆయన భార్యను కత్తితో పొడిచారు. అదంతా ఆ పిల్లలు కళ్లారా చూశారు. అంటే బర్మింగ్‌హామ్ పిల్లలు ఉద్యమంలోకి రావడం 1963లో మొదలుకాలేదు. బడిలో చేరడానికి వెళ్లడమే అక్కడ ఉద్యమం. వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 1954లో. తొమ్మిదేళ్ల తర్వాత కూడా బర్మింగ్‌హామ్‌లో ఒక్క ప్రభుత్వ బడిలో కూడా ఇద్దరూ కలిసి చదువుకోవడం లేదు.

పెద్దవాళ్లు ఏం చేస్తున్నారని అడగవచ్చు. వాళ్లు ప్రయత్నించారు. 1963 ఏప్రిల్ 3న షటిల్స్‌వర్త్ సంస్థ, మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ కలిసి లంచ్ కౌంటర్ల దగ్గర సత్యాగ్రహం, దుకాణాల బహిష్కరణ మొదలుపెట్టాయి. వారం తిరిగేసరికి ఊరేగింపులు చేయకూడదని కోర్టు నిషేధ ఉత్తర్వు వచ్చింది. దాన్ని ధిక్కరించి ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే నాడు కింగ్ అరెస్టయ్యాడు. ఆ జైలు గదిలోనే ఆయన రాసిన ఉత్తరం ఇవాళ ప్రపంచమంతా చదువుతోంది. అందులో ఒకచోట ఆయన తన ఆరేళ్ల కూతురి సంగతి చెబుతాడు. టీవీలో చూసిన అమ్యూజ్‌మెంట్ పార్కుకు వెళ్దామని పిల్ల అడుగుతుంది. నల్లపిల్లలను అక్కడికి రానివ్వరని చెప్పడానికి తండ్రికి నోరు పెగలదు. పిల్ల కళ్లల్లో నీళ్లు. పిల్లలను వీధుల్లోకి పిలవడానికి రెండు వారాల ముందే, ఆ పోరాటం ఎవరి కోసమో ఆ ఉత్తరంలో ఉంది.

కానీ ఉత్తరానికి పేరు తర్వాత వచ్చింది. ఆ ఏప్రిల్‌లో మాత్రం ఉద్యమం చతికిలబడింది. సభలకు చర్చిలు నిండిపోతున్నాయి, జైలుకు వెళ్లడానికి ఎవరు సిద్ధమని అడిగితే లేచేవాళ్లు కొద్దిమందే. దీన్ని పిరికితనం అనుకుంటే పొరపాటే. ఉక్కు ఫ్యాక్టరీలో కూలీ, తెల్లవాళ్ల ఇంట్లో పనిమనిషి, ప్రభుత్వ బడిలో టీచరు, వీళ్లలో ఎవరు ఒక్క రోజు జైలుకు వెళ్లినా మర్నాడు ఉద్యోగం ఉండదు. ఇంటి అప్పు, అద్దె, పిల్లల తిండి అన్నీ ఆ జీతం మీదే. జీతం ఇచ్చేది తెల్ల యజమాని. బెయిల్ డబ్బులు అడుగంటాయి. పత్రికలవాళ్లు పెట్టెలు సర్దుకుంటున్నారు.

పిల్లలను పిలుద్దామన్న ఆలోచన అప్పుడు ముందుకు తెచ్చినవాడు జేమ్స్ బెవెల్. వయసు 26. టెన్నెసీలోని నాష్‌విల్‌లో విద్యార్థి ఉద్యమంలో రాటుదేలిన యువ పాస్టర్. ఆ నాష్‌విల్ విద్యార్థులకు అహింస నేర్పిన గురువు జేమ్స్ లాసన్, 1950లలో మూడేళ్లు మన నాగపూర్‌లో ఉండి గాంధీ పద్ధతులను చదువుకుని వెళ్లినవాడు. జైళ్లు నింపడం అనే ఎత్తుగడ మనకు కొత్త కాదు, అది ఆ దారిన అమెరికా చేరింది. బర్మింగ్‌హామ్‌లో దాన్ని నడపడానికి జైలుకు వెళ్లే మనుషులు కావాలి.

బెవెల్ లెక్క ఇది. పెద్దవాడు జైలుకెళ్తే కుటుంబం వీధిన పడుతుంది. హైస్కూల్ కుర్రాడు వెళ్తే పోయే జీతం ఏమీ లేదు. కానీ జైలు మీద పడే భారం, ఊరి మీద పడే ఒత్తిడి ఇద్దరివీ ఒకటే. ఇంకో మాట కూడా ఆయన చెప్పాడు. పెద్దవాళ్లు చర్చిలవారీగా, పనులవారీగా చీలిపోయి ఉంటారు. ఒకే తరగతిలో ఒకటి నుంచి పన్నెండు దాకా కలిసి చదువుకున్న పిల్లలు ఒక ఊరి లాంటివాళ్లు, ఒకరు కదిలితే అందరూ కదులుతారు. అందుకే ముందు ఫుట్‌బాల్ ఆటగాళ్లను, బడిలో అందరూ మెచ్చే అమ్మాయిలను మీటింగులకు పిలిచారు. నాష్‌విల్ సత్యాగ్రహం మీద ఒక టీవీ డాక్యుమెంటరీ చూపించారు. డొరొతీ కాటన్, జేమ్స్ ఆరెంజ్ వంటివాళ్లు రోజూ చర్చి కింది హాల్లో శిక్షణ ఇచ్చారు. ఎవరైనా కొడితే ఏం చేయాలి, తిడితే ఏం చేయాలి, కిందపడితే తల ఎలా కాపాడుకోవాలి అన్నీ నేర్పారు.

ఇక్కడ నిజం దాచకూడదు. ఇది పెద్దవాళ్లు వేసిన లెక్కే. పిల్లలకు పోగొట్టుకోవడానికి ఏమీ లేదన్నది సగం నిజం మాత్రమే. వాళ్లకు కళ్లున్నాయి, ఎముకలున్నాయి, చదువుంది. అందుకే కింగ్ చాలా తటపటాయించాడు. ఊళ్లోని నల్లజాతి వ్యాపారులు, చాలామంది పాస్టర్లు వద్దన్నారు. కనీస వయసు ఎంత పెట్టాలన్న వాదన కూడా జరిగింది. చర్చిలో సభ్యత్వం తీసుకునేంత వయసున్న పిల్లకు న్యాయం కోసం నడిచే వయసు కూడా ఉన్నట్టేనని బెవెల్ అన్నాడు. బాప్టిస్టు చర్చిలో అది చాలా చిన్న వయసు. ఆ మాట నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు.

ఈ కథ ఇక్కడితో ఆపితే పెద్దలు ఎత్తుగడ వేశారు, పిల్లలు పావులయ్యారు అనిపిస్తుంది. ఇళ్లల్లో ఏం జరిగిందో చూస్తే అలా ఉండదు.

ఫ్రీమన్ రబౌస్కీకి అప్పుడు పన్నెండేళ్లు. తల్లిదండ్రులిద్దరూ టీచర్లుగా పనిచేసినవాళ్లు. కుర్రాడికి లెక్కలంటే పిచ్చి. అమ్మానాన్నలు బలవంతంగా చర్చి మీటింగుకు తీసుకొస్తే వెనక బెంచీలో కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాడు. పిల్లలు ఇందులో పాల్గొంటే మంచి బడులకు వెళ్లే హక్కు వస్తుందని వేదిక మీంచి ఎవరో అంటున్నారు. తలెత్తి చూశాడు. మాట్లాడుతున్నది కింగ్. ఇంటికొచ్చి నేనూ వెళ్తానన్నాడు. వీల్లేదన్నారు. మీటింగుకు తీసుకెళ్లి విను అంటారు, విని చేస్తానంటే వద్దంటారు, మీరు చెప్పేదొకటి చేసేదొకటి అని ఎదురు తిరిగాడు. ఆ కాలంలో ఆ ఇంట్లో పెద్దవాళ్లను అలా అనడం మామూలు విషయం కాదు. గదిలోకి పొమ్మన్నారు. తెల్లారాక తల్లిదండ్రులు వచ్చి అతని మంచం మీద కూర్చున్నారు. రాత్రంతా నిద్రపోలేదు, ప్రార్థన చేస్తూనే ఉన్నారు. నిన్ను నమ్మక కాదు, జైల్లో నీతో ఎలా ప్రవర్తిస్తారోనని భయం అన్నారు. వెళ్లమన్నారు. ఆ కుర్రాడు పిల్లల వరుసకు ముందు నడిచాడు. పోలీసు అధికారి ఒకడు అతని ముఖం మీద ఉమ్మేశాడు. ఐదు రోజులు జైల్లో ఉన్నాడు. అతనే తర్వాత మేరీల్యాండ్‌లోని యూఎంబీసీ విశ్వవిద్యాలయానికి 1992 నుంచి 2022 దాకా అధ్యక్షుడిగా ఉన్నాడు. మన తెలుగు పిల్లలు ఎంఎస్ చేయడానికి వెళ్లే యూనివర్సిటీల్లో అదొకటి.

ఆ రాత్రి ఆ ఇంట్లో నిద్రపట్టని తల్లిదండ్రుల గురించి నేను ఎన్నిసార్లు ఆలోచించానో. పంపారా, వెళ్లాడా? రెండు మాటలూ ఆ ఇంటికి అతకవు. ఆడ్రీ ఇంట్లో పరిస్థితి వేరు. ఆమె అమ్మానాన్నలు మొదటి నుంచీ ఉద్యమంలో ఉన్నవాళ్లు, నాయకులు వాళ్లింట్లో భోంచేసేవాళ్లు. ఆ పిల్ల చెవిలో ఉద్యమం చిన్నప్పటి నుంచీ పడుతూనే ఉంది. ఇంకా చాలా ఇళ్లల్లో తల్లిదండ్రులు గట్టిగా వద్దన్నారు, పిల్లలు చెప్పకుండా వెళ్లారు.

మే 2 ఉదయం నల్లజాతి శ్రోతల కోసం నడిచే రేడియోలో డిస్క్ జాకీలు ‘పార్కులో పార్టీ ఉంది’ అని చెప్పారు, టూత్‌బ్రష్ తెచ్చుకోమన్నారు. విన్న పిల్లలకు అర్థమైంది, టూత్‌బ్రష్ ఎందుకంటే జైల్లో పడుకోవాలి కాబట్టి. పార్కర్ హైస్కూల్లో ప్రిన్సిపాల్ గేట్లకు తాళాలు వేయించాడు. పిల్లలు గోడ దూకి వెళ్లిపోయారు. వెయ్యి మందికి పైగా చర్చి దగ్గర చేరారు. గుంపులు గుంపులుగా చర్చి తలుపుల్లోంచి బయటికి వస్తారు, పాడతారు, నడుస్తారు, అరెస్టవుతారు. వెనక ఇంకో గుంపు సిద్ధంగా ఉంటుంది. పోలీసు వ్యాన్లు చాలక స్కూల్ బస్సులు తెప్పించారు. బడికి తీసుకెళ్లాల్సిన బస్సుల్లోనే పిల్లలు పాడుకుంటూ జైలుకు వెళ్లారు.

పోలీసు, అగ్నిమాపక శాఖలు రెండూ యూజీన్ ‘బుల్’ కానర్ అనే కమిషనర్ చేతికింద ఉండేవి. అప్పుడు ఊళ్లో ఒక విచిత్రం నడుస్తోంది. ఏప్రిల్ 2న జరిగిన మేయర్ ఎన్నికలో కానర్ ఓడిపోయాడు. కానీ పాత పాలకవర్గం పదవీకాలం ఇంకా ఉందని కుర్చీ దిగలేదు. వ్యవహారం కోర్టులో ఉంది. అంటే ఊరికి రెండు ప్రభుత్వాలు, అందులో ఓడినవాడి చేతిలో లాఠీ. ఇది తెలియకపోతే తర్వాత జరిగింది సగమే అర్థమవుతుంది. అదే ఏప్రిల్‌లో చాలావరకు సౌమ్యంగా అరెస్టులు చేయించినవాడు, జైళ్లు నిండిపోయిన మర్నాడు, మే 3న, అరెస్టులతో ఆగకుండా ఫైర్ ఇంజన్ పైపులు తిప్పించాడు, కుక్కలను వదిలాడు.

ఆ నీళ్లు మనం అనుకునే నీళ్లు కావు. రెండు పైపులు కలిపి ఒక గొట్టం లోంచి వదిలితే చెట్టు బెరడు ఊడిపోయేంత ధాటి. పిల్లలు చేతులు పట్టుకుని కూర్చుంటే విడగొట్టి రోడ్డు మీద దొర్లించింది. కారొలిన్ మెకిన్‌స్ట్రీ అనే హైస్కూల్ అమ్మాయి గోడకు అతుక్కుపోయింది. నీటి ధాటికి తలకు ఒక పక్క జుట్టు ఊడిపోయింది.

చర్చికి ఎదురుగా ఉన్న కెల్లీ ఇంగ్రమ్ పార్కు పక్కనే ఏజీ గాస్టన్ అనే నల్లజాతి వ్యాపారి ఆఫీసు. లక్షాధికారి. పిల్లలను దింపడం ఆయనకు అస్సలు ఇష్టం లేదు. ఆ సమయానికి డేవిడ్ వాన్ అనే తెల్ల లాయర్‌తో ఫోన్లో ఇదే మాట్లాడుతున్నాడు. కిటికీలోంచి చూస్తే ఒక చిన్నపిల్లను నీళ్లు రోడ్డు మధ్యలో దొర్లిస్తున్నాయి. ఇక మీతో మాట్లాడలేనని చెప్పి ఫోన్ పెట్టేశాడు. నాయకుల ఉపన్యాసాలు వారాల తరబడి చేయలేని పని ఆ కిటికీలో ఒక్క క్షణంలో అయింది. నా దృష్టిలో ఆ ఊళ్లో పెద్దవాళ్ల మధ్య చీలిక మానడం మొదలైంది అక్కడే.

మిగతా అమెరికాకు ఆ కిటికీ పత్రికల ఫొటోలు. మే 3న బిల్ హడ్సన్ తీసిన ఫొటోలో ఒక నల్లజాతి కుర్రాడి పొట్ట మీదికి పోలీసు కుక్క ఎగబడుతుంది. ఆ ఫొటో మర్నాడు దేశమంతా మొదటి పేజీల్లో వచ్చింది. అది చూసి అధ్యక్షుడు కెనడీ కడుపులో తిప్పినట్టుందన్నాడు. అయితే ఆ ఫొటో గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ కుర్రాడు, వాల్టర్ గాడ్స్‌డెన్, ఊరేగింపులో లేడు. చూడటానికి వచ్చాడు. ఫొటోను దగ్గరగా చూస్తే, అతని చేయి పోలీసు చేతిని పట్టుకుని ఉంటుంది, మోకాలు కుక్కను అడ్డుకుంటూ ఉంటుంది. లోకం మాత్రం అందులో కదలక మెదలక దెబ్బ తినే అమాయకుణ్ని చూసింది. మంచి మనసున్న తెల్లవాళ్లకు కూడా పిల్లలు అమాయకులుగా కనిపిస్తేనే కదలిక వచ్చింది. పిల్లలు మాత్రం అక్కడ జాలి కోసం లేరు. ఏం చేస్తున్నామో తెలిసి ఉన్నారు. ఈ తేడా ఈ కథ చెప్పేవాళ్లలో చాలామంది వదిలేస్తారు.

జైల్లో ఆడ్రీని ఒక గదిలో తెల్ల మగవాళ్లు కూర్చోబెట్టి, మీటింగుల్లో ఏం చెబుతారని ఆరా తీశారు. తొమ్మిదేళ్ల పిల్ల. ఏమైనా చేస్తారేమోనని భయపడింది. జైళ్లు చాలక ఎగ్జిబిషన్ మైదానాన్ని కూడా జైలు చేశారు. వారం తిరిగేసరికి అరెస్టయినవాళ్లు రెండు వేలు దాటారు.

విమర్శ తీవ్రంగా వచ్చింది. బడిపిల్లలను వీధి పోరాటాల్లోకి తేవడం ప్రమాదమని, ఒక్క పిల్లవాడు గాయపడినా, చనిపోయినా ఆ మూల్యం ఎవరూ భరించలేరని అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ అన్నాడు. అటు కింగ్ అహింసా మార్గాన్ని ఒప్పుకోని నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఇంకా కటువుగా, మగతనం ఉన్నవాళ్లు పిల్లలను తుపాకుల ముందు నిలబెట్టరన్నాడు. కింగ్ ఇచ్చిన సమాధానం సూటిగా ఉంది. ఈ వివక్ష తరతరాలుగా నల్లపిల్లలను నలిపేస్తుంటే ఇన్నాళ్లూ మీరు ఎక్కడున్నారని అడిగాడు. గట్టి మాటే. కానీ అది పూర్తి జవాబు కాదు. వివక్ష పిల్లను నలుపుతోంది కాబట్టి కుక్కల ముందు కూడా నిలబెట్టవచ్చు అని దానర్థం కాదు కదా. ఆ వారం ఎవరి ప్రాణమూ పోలేదు. అందులో శిక్షణ పాత్ర ఉంది, అదృష్టం పాత్ర కూడా ఉంది.

నా ప్రశ్న మారింది ఇక్కడే. ‘పిల్లల బుర్రలోకి ఇది ఎవరు ఎక్కించారు’ అని అడగడంలోనే ఒక పొరపాటు ఉంది. బెవెల్ పుట్టించిన ఆలోచన కాదిది. 1951 ఏప్రిల్ 23న వర్జీనియాలోని ఫార్మ్‌విల్‌లో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి, తారు కాగితం గుడిసెల్లో నడుస్తున్న తమ బడి బాగుపడాలని, టీచర్లను హాల్లోంచి బయటికి పంపేసి, మొత్తం హైస్కూల్ చేత సమ్మె చేయించింది. పెద్దలకు ముందు చెప్పలేదు. ఆ సమ్మె నుంచి పుట్టిన కేసు 1954 సుప్రీంకోర్టు తీర్పులో కలిసిన ఐదు కేసుల్లో ఒకటి. అలబామాలోనే ఉన్న మాంట్‌గొమరీలో, తెల్లవాళ్లకు చోటిచ్చి బస్సు సీటులోంచి లేవనన్నందుకు క్లాడెట్ కోల్విన్‌ను అరెస్టు చేసింది 1955 మార్చి 2న. అదే పని చేసి ప్రపంచమంతా పేరు పొందిన రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు. ఆమెకు పదిహేనేళ్లు. బస్సుల్లో వేరు సీట్లు చెల్లవని తేల్చిన కేసులో ఫిర్యాదు చేసిన నలుగురిలో ఆమె ఒకరు. 1958లో ఓక్లహోమా సిటీలో క్లారా లూపర్ అనే టీచరు వెంట పదమూడు మంది పిల్లలు ఒక మందుల షాపు లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కోకాకోలా అడిగారు. ఆ ఆలోచన ఇచ్చింది లూపర్ కూతురే.

వీళ్లందరికీ అన్యాయం ఏమిటో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తెల్లబడి వాడి పడేసిన పుస్తకాలు వాళ్ల బెంచీ మీదే ఉండేవి, మొదటి పేజీలో ఎవరెవరి పేర్లో. వివక్ష అనేది పిల్లలకు పెద్దయ్యాక ఎదురయ్యే విషయం కాదు, బడి మెట్ల దగ్గరే ఎదురయ్యేది. బెవెల్ చేసింది ఆ కోపానికి ఒక దారి, ఒక క్రమశిక్షణ ఇవ్వడం. దాన్ని వాడుకున్నాడు కూడా. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఒప్పుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది.

ఫలితం త్వరగా వచ్చింది. ఊరి నడిబొడ్డున వ్యాపారం ఆగిపోయింది. మే 10న ఒప్పందం ప్రకటించారు. లంచ్ కౌంటర్లు, ట్రయల్ రూములు, మంచినీళ్ల కుళాయిలు అందరికీ తెరవాలి, నల్లజాతివాళ్లను దుకాణాల్లో గుమస్తాలుగా తీసుకోవాలి, ఇదంతా కొన్ని వారాల వ్యవధిలో దశలవారీగా జరగాలి. మర్నాడు రాత్రే కింగ్ తమ్ముడి ఇంటి మీద, ఉద్యమ నాయకులు బస చేసిన గాస్టన్ మోటెల్ మీద బాంబులు పడ్డాయి.

మే 20న విద్యా బోర్డు, ఊరేగింపుల్లో పాల్గొన్న 1,081 మంది విద్యార్థులను బడి నుంచి పంపేసింది. పన్నెండో తరగతి పిల్లలకు పట్టా చేతికందే రోజులు. అంటే జీతం లేదు కాబట్టి పిల్లలకు పోయేదేమీ లేదన్న లెక్క అక్కడ తప్పింది. పెద్దల ఉద్యోగాన్ని పట్టుకున్నట్టే పిల్లల చదువును పట్టుకున్నారు. స్థానిక ఫెడరల్ జడ్జి బోర్డునే సమర్థించాడు. ఉద్యమం తరఫున కాన్‌స్టెన్స్ బేకర్ మాట్లీ అప్పీలు పట్టుకుని వెళ్లింది. మే 22న అప్పీలు కోర్టు జడ్జి ఎల్బర్ట్ టటిల్ ఆ ఉత్తర్వును కొట్టేశాడు. రెండు రోజుల్లో పిల్లలు బడికి వెళ్లారు. కుక్కల ఫొటో తెలిసినవాళ్లు లక్షల మంది, ఈ రెండు రోజుల సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. కానీ ఆ ఇళ్లల్లో ఆ రెండు రోజుల టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో పదో తరగతి హాల్ టికెట్ కోసం ఎదురుచూసిన ప్రతి తెలుగింటికీ తెలుసు.

జూన్ 11న కెనడీ టీవీలో దేశంతో మాట్లాడి పౌరహక్కుల చట్టం తెస్తానన్నాడు. ఆ చట్టం మీద 1964 జులై 2న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశాడు. దేశమంతటా హోటళ్లలో, షాపుల్లో, ఉద్యోగాల్లో జాతి వివక్ష చట్ట విరుద్ధమైంది. అదే ఊపులో 1965లో వలస చట్టం మారింది. ఆసియా వాళ్లకు దాదాపు మూసి ఉన్న తలుపు తెరుచుకుంది. అమెరికాలో ఇవాళ ఉన్న మన తెలుగు కుటుంబాలు ఆ తలుపులోంచే వెళ్లాయి. అక్కడ పుట్టిన మన పిల్లలకు వాళ్ల బడి పాఠంగా కాకుండా ఇంటి విషయంగా ఈ కథ చెప్పాలనిపిస్తుంది నాకు.

పిల్లలను ఇంట్లో ఉంచితే సరిపోయేది కదా అన్న మాట ఇంకొకటి మిగిలింది. 1963 సెప్టెంబరులో కోర్టు ఆదేశంతో బర్మింగ్‌హామ్‌లో మొదటిసారి కొన్ని బడుల్లోకి నల్లపిల్లలు అడుగుపెట్టారు. ఆ వెంటనే, సెప్టెంబరు 15 ఆదివారం ఉదయం, మే నెలలో పిల్లలు బయల్దేరిన ఆ పదహారో వీధి చర్చిలోనే బాంబు పేలింది. నీటి ధాటికి జుట్టు పోగొట్టుకున్న కారొలిన్ ఆ రోజు చర్చి ఆఫీసులో ఫోన్ ఎత్తింది. అవతల మగ గొంతు ‘మూడు నిమిషాలు’ అని పెట్టేసింది. ఆమె కొన్ని అడుగులు వేసిందో లేదో పేలుడు. ఆడీ మే కాలిన్స్, కారల్ రాబర్ట్‌సన్, సింథియా వెస్లీ, ముగ్గురూ పద్నాలుగేళ్లవాళ్లు, పదకొండేళ్ల డెనీస్ మెక్‌నెయిర్ చనిపోయారు. వాళ్లు ఊరేగింపులో లేరు. చర్చికి వచ్చిన పిల్లలు, వాష్‌రూములో బట్టలు సర్దుకుంటున్నారు. అదే రోజు ఊళ్లో ఇంకో ఇద్దరు నల్లజాతి అబ్బాయిలు తుపాకీ గుళ్లకు చనిపోయారు, పదహారేళ్ల జానీ రాబిన్సన్, పదమూడేళ్ల వర్జిల్ వేర్.

నేరస్తుల్లో మొదటివాడికి శిక్ష పడింది 1977లో. ఇంకొకడికి 2001లో. మరొకడికి 2002లో. నాలుగోవాడు కేసే లేకుండా చనిపోయాడు.

ఆ వాష్‌రూములో ఐదో అమ్మాయి కూడా ఉంది. ఆడీ మే చెల్లెలు సారా, పన్నెండేళ్లు. ముఖం నిండా గాజు ముక్కలు గుచ్చుకుని బతికింది, ఒక కన్ను పోయింది. నలుగురి పేర్లు ఫలకాల మీదికి, పాఠాల్లోకి ఎక్కాయి, సారా పేరు చాలా ఏళ్లు ఎక్కడా వినిపించలేదు. తనకు జరిగినదానికి క్షమాపణ, పరిహారం కావాలని ఆమె లాయర్ల చేత రాష్ట్రాన్ని అడిగించింది. అలబామా గవర్నర్ నుంచి క్షమాపణ లేఖ 2020 సెప్టెంబరు 30న వచ్చింది, ఆ ఆదివారం గడిచిన యాభై ఏడేళ్లకు. పరిహారం సంగతి మాత్రం తర్వాత మాట్లాడుకోవాలని ఆ లేఖలో ఉంది.